పెరటి చెక్క అరుగు

శ్రోతలందరికీ నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఇంటి వెనక గుమ్మం దాటాక, పెరట్లోకి దిగేముందు ఒక చెక్క అరుగు ఉంది. 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, నేలకి అడుగున్నర ఎత్తు. రాతి దిమ్మల మీద దూలాలు, దూలాల మీద 21 పలకలు. మా మావగారు వేయించారు. కలప గుగ్గిలం చెట్టుది, ఒడియావాళ్లు శాళ అంటారు. మేం దీన్ని అరుగు అంటాం, పక్కింటి ఒడియా పిన్నిగారు పిండా అంటారు, బరంపురంలో కొత్తగా ఇల్లు కట్టుకున్న మా ఆడపడుచు డెక్ అంటుంది. పేరేదైనా, పైన రేకు ఉన్నా ఎండా వానా తగిలే చెక్క నేల. చింతపండు పిక్క తీయడం, వడియాలు పెట్టడం, కరెంటు పోయిన సాయంత్రాలు పిల్లల్ని కూచోబెట్టి ఎక్కాలు చెప్పించడం, అన్నీ దాని మీదే జరిగాయి. అలాంటి అరుగుని పీకించేసి టైల్స్ వేయిద్దామన్న మాట నాలుగేళ్ల కిందట మా ఇంట్లో గట్టిగానే వచ్చింది. అది ఎలా నిలబడిందో ఈవేళ చెప్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదకి వచ్చింది. ఆ గాలికి అరుగు మీది రేకులు లేచి ఎక్కడికో పోయాయి. ఇంటి కప్పు బాగుచేసుకోవడమే గగనమైపోయిన రోజులవి, అరుగు సంగతి ఎవరు పట్టించుకుంటారు? మళ్లీ రేకు వేయించేసరికి రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి. పలకలు బూడిద రంగుకి తిరిగాయి. గోడ వైపు పాచి పట్టి, కాలు వేస్తే జారేది. రంగుల దుకాణంలో అడిగితే మెరుగు రంగు, అదే ఎనామిల్, రెండు పూతలు వేసేయండి, కొత్తదైపోతుందన్నారు. వేశాం. నాలుగు నెలలు నిజంగానే కొత్తదానిలా ఉంది. తర్వాతి శ్రావణంలో రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక పొక్కు గోరుతో గిల్లితే లోపల్నించి నీళ్లు ఊరాయి.

ఆ నీళ్లు చూశాకే, ఇక చెక్క పని అయిపోయింది, టైల్సే గతి అన్నాడు మా అబ్బాయి. కూలగొట్టే ముందు ఒకసారి చూపిద్దామని మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన అరుగు ఎక్కలేదు. తిన్నగా వెళ్లి కింద దూరాడు. టార్చిలైటు పట్టుకుని పావుగంట దూలాలన్నీ తడిమి చూశాడు. బయటికొచ్చి ఒక పలక మేకులు ఊడదీసి, తిరగేసి నా ముందు పెట్టాడు. పైన బూడిద, రంగు పెచ్చులు. అడుగున, ఇన్నేళ్ల తర్వాత కూడా, తేనెరంగులో చెక్క. పొర చెదరలేదు. “కర్రకేటీ అవలేదమ్మా. నీరు దిగిపోడానికి దారి నేకుండా సేసేరు, అంతే” అన్నాడు.

ఆ మాట పట్టుకునే మిగతా పనంతా చేశాం. కర్ర పుచ్చడం బూజు జాతి పని. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం ఆ బూజు పెరగదు. అందుకే మన గుళ్లలో దూలాలు వందల ఏళ్లు నిలబడ్డాయి, అందుకే నిరుడు పెరట్లో పడేసిన కర్ర ఈపాటికి చివికిపోయింది. వాన పడి, ఆరిపోతే చెక్కకి భయం లేదు. నీరు ఒకచోట ఆగి, వారాలతరబడి ఆరకపోతేనే ముప్పు. అందుచేత అరుగు బాగుచేయాలనుకుంటే రంగు డబ్బా కొనేముందు నీరు ఎక్కడ ఆగుతోందో వెతకండి. మంచి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని నిలబడి చూస్తే అరగంటలో తెలిసిపోతుంది.

మా అరుగులో నాలుగుచోట్ల ఆగింది. గోడకి పలక ఆనుకున్నచోట. మూలనున్న తులసి కుండీ కింద. గుమ్మం ముందు పరిచిన రబ్బరు పట్టా కింద. నాలుగోది అన్నిటికంటే పెద్దది: పలకకీ పలకకీ మధ్య సందులే లేవు. ఉన్న సందుల్ని ఏళ్లతరబడి వేపాకు, మట్టి, వడియాల పిండి కలిసి సిమెంటులా మూసేశాయి. పలకల మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. మేస్త్రి కొలతబద్ద ముట్టలేదు. నాలుగంగుళాల మేకుని రెండు పలకల మధ్య నిలబెట్టి, పలకని దానికి ఆనించి బిగించుకుంటూ పోయాడు. మేకు మందమే సందు.

తర్వాత పుచ్చు పరీక్ష. స్క్రూడ్రైవరు మొనతో ప్రతి దూలాన్నీ, ప్రతి పలక చివరనీ పొడిచి చూడాలి. గట్టి చెక్క మొనని తిప్పికొడుతుంది. పుచ్చినది పావంగుళం దాకా మెత్తగా లోపలికి పోనిస్తుంది. పలకల చివర్లు ముఖ్యం. చెట్టు బతికున్నప్పుడు నీరు పైకెక్కించిన గొట్టాలన్నీ అక్కడే నోరు తెరుచుకుని ఉంటాయి కాబట్టి, నీరు పైభాగం కంటే చివర్లనుంచి ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి పోతుంది. మా 21 పలకల్లో మూడే పుచ్చాయి, మూడూ గోడ దగ్గరివే. దూలం ఒకటి మార్చాం. రాతి దిమ్మల మీద చెదల మట్టిగొట్టాలు కనిపిస్తాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. కింద గాలి ఆడేలా, మట్టి దూలాలకి తగలకుండా ఉంటే వాటి బెడద చాలామటుకు తగ్గుతుంది.

మిగిలిన 18 పలకల్నీ తిరగేసి వేశాం! పీకించేద్దామనుకున్న అరుగుకి కొత్త ముఖం పాత చెక్కలోంచే వచ్చింది. ఖర్చు కూలీదీ, స్క్రూలదీ. మీ పలకలు కూడా మేకులు కొట్టినవైతే, అడుగుభాగం గట్టిగా ఉంటే, ముందు ఇది ప్రయత్నించండి.

మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయించాం. గుగ్గిలం కర్ర ఎంత గట్టిదంటే మేకు తిన్నగా దిగదు, వంగిపోతుంది. ముందు సన్నని బెజ్జం వేసి స్క్రూ తిప్పాలి. పాత మేకుల చుట్టూ నల్లటి మరకలు ఉండేవి. అవి పుచ్చు అనుకున్నాను. కాదట. కరక్కాయ కషాయంలో ఇనుపముక్క వేసి మన పెద్దలు సిరా కాచేవారు కదా, అదే సంగతి. చెక్కలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆగ్జాలిక్ ఆసిడ్ పొడి నీళ్లలో కలిపి రాస్తే పోతుంది. అది విషం. చేతులకి తొడుగులుండాలి, పిల్లలు, కుక్కలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, తర్వాత నీళ్లతో బాగా కడిగేయాలి. బ్లీచింగ్ పొడితో మాత్రం ఎన్నడూ కలపొద్దు.

పాచికి గట్టి ప్లాస్టిక్ బ్రష్షు, సబ్బు నీళ్లు చాలు. ఇనుప బ్రష్షు వద్దు. దాని తీగ ముక్కలు చెక్కలో విరిగి ఉండిపోయి మళ్లీ నల్లమరకలు తెస్తాయి. మోటారు పెట్టి నీళ్లు చిమ్మే యంత్రం ఈమధ్య అద్దెకిస్తున్నారు. దగ్గర్నుంచి కొడితే ఆ ధార చెక్క మెత్తని పీచుని లేపేస్తుంది. అరుగంతా పీచులు లేచి, కూచుంటే గుచ్చుకుంటుంది.

చిత్రిక పట్టాక గరుకు కాగితం 60 నంబరు, ఆపైన 80 నంబరు. అక్కడితో ఆపాలి. ఇంకా నున్న చేస్తే నూనె లోపలికి దిగదు. ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి శ్రద్ధగా వినండి. మీ అరుగుకో, దాని కటకటాలకో పాతకాలపు రంగు ఉంటే దాన్ని పొడిగా గీకొద్దు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు ధూళిలో ఎంత సీసం ఉందో కంటికి కనపడదు. పిల్లల మెదడుకి అది చేసే చెడుపు తిరిగి బాగయ్యేది కాదు. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, ఆ పెచ్చులు పెరటి మట్టిలో కలవకుండా గోనె పరిచి ఎత్తేయండి.

ఇప్పుడు నూనె. మెరుగు రంగు చెక్క మీద తోలులా కూచుంటుంది. ఎక్కడో ఒకచోట పగులుతుంది, నీరు దూరుతుంది, బయటికి రాలేదు. మా పొక్కుల కథ అదే. నూనె అలా కాదు, చెక్కలోకి ఇంకిపోతుంది. పాతబడితే వెలుస్తుంది కానీ పెచ్చులూడదు. ఉత్త అవిసె నూనె మన గాలి తేమకి త్వరగా ఆరదు, దాని మీద నల్లబూజు కూడా పడుతుంది. బయటి చెక్కకని చేసి, బూజుకి, ఎండకి తట్టుకునే మందు కలిపినదే కొనండి. పల్చగా రాయాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, చెక్క తాగకుండా పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే బంకలా మిగిలి నెలలతరబడి కాళ్లకి అంటుకుంటుంది. పలక చివర్లకి మూడుసార్లు రాయండి, అవి తాగినంతా తాగనివ్వండి. కింది దూలాలకి మా మేస్త్రి జీడితొక్కల నూనె పూశాడు. పలాస జీడి ఫ్యాక్టరీల పుణ్యమా అని మా వైపు దొరుకుతుంది, పడవలకి పూయడం పాత అలవాటు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది కనుక మనం కూచునే పైభాగానికి అది పనికిరాదు.

నూనె తుడిచిన గుడ్డల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మొదటిరోజు సాయంత్రం మా మేనల్లుడు గుడ్డలన్నీ ఉండచుట్టి ప్లాస్టిక్ బకెట్లో కుక్కి, వంటింటి తలుపు వెనక పెట్టాడు. రాత్రి తొమ్మిదింటికి ఏదో కమురు వాసన. బకెట్లో చేయి పెడితే మధ్యనున్న గుడ్డ అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టు కాలింది. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని వేడెక్కుతుంది. పరిచి ఉంటే ఆ వేడి గాలిలో పోతుంది, ఉండచుట్టి ఉంటే పోయే దారిలేక పెరిగిపెరిగి దానంతటదే నిప్పంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. గుడ్డలు నీళ్ల తొట్టెలో ముంచండి, లేదా ఆరుబయట నేల మీద ఒక్కొక్కటీ విడిగా పరవండి.

ఎప్పుడు చేయాలి? మా ప్రాంతానికి జవాబు తుపాన్లే చెప్తాయి. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2014 అక్టోబరు 12న. తిత్లీ అక్టోబరు 11. అక్టోబరు నడిమధ్యలో నూనె పూత పెట్టుకుంటే మీ ధైర్యం! మేం దీపావళి వెళ్లాక మొదలుపెడతాం. మా ఊళ్లో దానికో గడువు కూడా ఉంది. మనకి మార్గశిర లక్ష్మివారాలు కార్తీక అమావాస్య దాటాక వస్తాయి. ఒడియావారికి కార్తీక పౌర్ణమి మర్నాడే మార్గశిరం మొదలవుతుంది. పక్కింటి పిన్నిగారు మాణబసా అనే లక్ష్మీపూజ చేసే గురువారాలకి బియ్యప్పిండి నీళ్లతో ఝోటీ అనే ముగ్గు వేస్తూ, మా అరుగు మీద కూడా లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. ఆవిడ పిండిగిన్నె పట్టుకుని వచ్చేసరికి అరుగు ఆరి ఉండాలి. అంటే దీపావళికీ పౌర్ణమికీ మధ్య పదిహేను రోజులు. కడిగాక మూడు రోజులు మంచి ఎండ, ఒకరోజు గరుకు కాగితం, రెండు రోజులు నూనె, మిగతావి ఆరడానికి. సరిగ్గా సరిపోతాయి.

కుర్చీలు, దీపాలు, తెరలు మీ ఇష్టం, మీ వీలు. నేను తులసి కుండీ కింద మూడు రాతిముక్కలు పెట్టి గాలి ఆడనిచ్చాను, రబ్బరు పట్టా తీసి కొబ్బరిపీచు పట్టా వేశాను, వాన పడితే అదీ ఎత్తేస్తాం. ఉయ్యాల కొక్కేలు, మెట్టు పక్క చేపట్టుకర్ర ఏటా ఊపి చూసుకోండి, ముసలివాళ్లు వాటినే నమ్ముకుని దిగుతారు.

మళ్లీ నూనె ఎప్పుడు వేయాలో కేలండరు చూడక్కర్లేదు. అరుగు మీద నాలుగు నీటిచుక్కలు చల్లండి. తామరాకు మీద నీళ్లలా నిలిస్తే ఇంకా దమ్ముంది. చూస్తుండగా ఇంకిపోయి నల్లటి మచ్చ మిగిలితే చెక్క దాహంగా ఉంది. ఈ పొద్దున్న చల్లి చూశాను. రేకు నీడలో ఉన్న పలకల మీద చుక్కలు ముత్యాల్లా నిలిచాయి. మెట్టు దగ్గర, మధ్యాహ్నపు ఎండ పడేచోట, రెండు పలకలు అయిదు నిమిషాల్లో తాగేశాయి. డబ్బా అడుగున నూనె కొంచెం మిగిలే ఉంది, ఆ రెండింటికీ సరిపోతుంది. దీపావళి వెళ్లనిచ్చి పూస్తాను.

నమస్కారం.