మద్రాసు మీదుగా వెళ్ళిన స్పానిష్ డాలరు

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఈ నాణేన్ని ముందు వరస నుంచి పంపిస్తున్నాను, ఒక్కొక్కరూ అరచేతిలో పెట్టుకుని బరువు చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. మన అమ్మమ్మల పెట్టెల్లో పాత వెండి రూపాయి ఉండేది కదా, అది ఒక తులం. ఇది రెండు తులాలు దాటి ఇంకాస్త తూగుతుంది, 27 గ్రాములు. ఒక పక్క రాజు మొహం, చుట్టూ లాటిన్‌లో ఆయన పేరు, కరోలస్, అంటే స్పెయిన్ రాజు మూడో కార్లోస్, కింద 1783 అని సంవత్సరం. తిప్పితే కోటలూ సింహాలూ ఉన్న రాచముద్ర, దానికి అటో స్తంభం ఇటో స్తంభం, అంచున చిన్న ఎమ్ అక్షరం మీద ఇంకా చిన్న సున్నా. అది మెక్సికో సిటీ టంకశాల గుర్తు. పక్కనే 8 ఆర్ అని ఉంది, ఎనిమిది రియాల్స్ అని. రాజు చెంప మీద చిన్న చిన్న గాట్లు తగుల్తాయి చూడండి, అవి అరుగుదల కాదు, చైనాలో షరాబులు వెండి మంచిదేనా అని పరీక్ష చేసి కొట్టిన ముద్రలు.

స్పానిష్ వాళ్ళకీ ఇంగ్లిష్ వాళ్ళకీ చరిత్రలో సంబంధం ఏంటి అంటే అందరూ 1588 ఆర్మడా, అంటే ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన యుద్ధనౌకల దండు, అంటారు, లేదా హ్యూస్టన్‌లో ఉంటున్నాం కాబట్టి టెక్సాస్, మెక్సికో యుద్ధం అంటారు. అవీ నిజమే. కానీ ఇన్నేళ్ళుగా నాణేలు పోగేస్తూ వాటి వెనక కథలు చదువుతూ నాకు అర్థమైంది ఏంటంటే, ఈ రెండు లోకాలూ కొట్టుకున్న రోజుల్లో కూడా ఒకే డబ్బు వాడుకున్నాయి, ఆ డబ్బు ఇదిగో ఇదే, ఇది తిరిగిన దారిలో మన తీరం కూడా ఉంది. ఆ సంగతి మన తెలుగు సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే ఇవాళ చెప్దామని వచ్చాను.

ముందు మన జేబులో ఉన్న డాలరు సంగతి. డాలర్ అనే మాట బొహీమియాలో యోహిమ్‌స్టాల్ అనే గని ఊరి పేరు నుంచి వచ్చింది, అక్కడి వెండి నాణేలని థాలర్ అనేవాళ్ళు. ఇంగ్లిష్ వాళ్ళు ఆ మాట పట్టుకుని ఈ ఎనిమిది రియాల్స్ నాణేన్ని, అంటే స్పెయిన్ పెసోని, స్పానిష్ డాలర్ అన్నారు. అమెరికాలో బ్రిటిష్ కాలనీలకి లండన్ సరిపడా నాణేలు పంపేది కాదు, దాంతో జనం చేతుల్లో ఆడింది ఎక్కువగా ఈ స్పెయిన్ వెండే. 1775లో బ్రిటన్ మీద తిరగబడ్డ కాంగ్రెస్ కాగితం నోట్లు వేస్తే వాటి మీద ఏం రాసిందో తెలుసా, ఈ నోటు తెచ్చినవాళ్ళకి ఇన్ని స్పానిష్ డాలర్లు ఇస్తాం అని. తర్వాత 1792లో సొంత డాలర్ పెట్టుకున్నప్పుడు కూడా చట్టంలో దాని విలువ స్పానిష్ డాలరంత అనే రాసుకున్నారు. ఇక్కడ 1857 దాకా స్పానిష్ నాణెం చట్టప్రకారం చెల్లింది! డాలరుకి వాడే ఆ ఎస్ మీద నిలువు గీత గుర్తు ఈ స్తంభాలకి చుట్టిన రిబ్బను బొమ్మ నుంచి వచ్చిందని చాలామంది అంటారు గానీ, పాత లెక్కల పుస్తకాల్లో పెసోస్ అనడానికి పి పక్కన ఎస్ పొట్టిగా రాసేవాళ్ళు, రాయగా రాయగా రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఈ గుర్తయింది, నాకు ఇదే నమ్మబుద్ధవుతుంది.

మనమంతా పిల్లల్ని తీసుకుని గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తుంటాం కదా, ఆ ఊరికి పేరిచ్చినాయన బెర్నార్డో దె గాల్వెస్, స్పెయిన్ తరఫున లూసియానా గవర్నరు. 1779లో స్పెయిన్ బ్రిటన్ మీద యుద్ధానికి దిగాక మొబీల్, తర్వాత 1781లో పెన్సకోలా బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నాడు, ఆయన సైన్యం తిండికి శాన్ ఆంటోనియో చుట్టుపక్కల నుంచి పశువుల మందల్ని తోలుకెళ్ళారు. అదే ఏడు యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ గెలిచాడు కదా, దానికి ముందు ఆయనకి సాయంగా వచ్చిన ఫ్రెంచ్ నౌకాదళం దగ్గర డబ్బు నిండుకుంటే హవానా నుంచి 5 లక్షల పెసోలు కొన్ని గంటల్లో పోగుచేసి ఓడకెక్కించారు. అమెరికా స్వాతంత్ర్యంలో హవానా వెండి కూడా ఉందన్నమాట, ఇక్కడ మన పిల్లల స్కూళ్ళలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

ఇంత వెండి ఎక్కడిది అంటే మెక్సికో గనులది, అంతకుముందు ఇప్పటి బొలీవియాలో ఉన్న పొతోసి కొండది. 1545లో ఆ కొండలో వెండి పడింది. ఊరూరి నుంచీ ఆదివాసీ మగవాళ్ళని వంతులవారీగా పట్టుకొచ్చి గనిలో దింపేవాళ్ళు, ఆ పద్ధతి పేరు మీతా. మన దగ్గర వెట్టి అంటామే, అదే. వెండి తియ్యడానికి పాదరసం కలపాలి, ఆ పాదరసం కూడా పెరూలో ఇంకో గని నుంచి రావాలి, ఆ గనిలో పనిచేసినవాళ్ళు ఊపిరితిత్తులు చెడి, ఒళ్ళు వణికి చనిపోయేవాళ్ళు. ఇంగ్లిష్ వాళ్ళకి ఈ వెండి మీద ఎంత ఆశంటే, 1713 ఒప్పందంలో స్పెయిన్ కాలనీలకి ఏటా 4,800 మంది ఆఫ్రికన్లని బానిసలుగా అమ్మే కాంట్రాక్టు 30 ఏళ్ళకి రాయించుకున్నారు. నాణెం చేతిలో ఉన్నవాళ్ళు ఒక్క క్షణం ఇది గుర్తుపెట్టుకుని పక్కకి ఇవ్వండి.

ఇప్పుడు మన వైపు వద్దాం. 1565 నుంచి 1815 దాకా, అంటే 250 ఏళ్ళు, మెక్సికోలో అకపుల్కో రేవు నుంచి ఫిలిప్పీన్స్‌లో మనీలాకి స్పెయిన్ ఓడలు నడిచాయి, గాలియన్లు అంటారు. ఇటొచ్చేటప్పుడు వెండి, అటు వెళ్ళేటప్పుడు చైనా పట్టు, వాటితో పాటు మన కోరమాండల్ తీరం నూలు బట్టలు. మచిలీపట్నం నుంచి నాగపట్నం దాకా ఉన్న నేతగాళ్ళూ అద్దకంవాళ్ళూ చేసిన రకాలు ఇవి. స్పానిష్‌లో అద్దకం బట్టకి పేరే ఇండియానా! ఇబ్బంది ఏంటంటే మనీలాలో ఇంగ్లిష్ వాళ్ళకి వ్యాపారానికి అనుమతి లేదు, వాళ్ళు ప్రొటెస్టెంట్లు, పైగా శత్రువులు. మరి మద్రాసు కోటలో కూర్చున్న ఇంగ్లిష్ వర్తకులు ఏం చేశారంటే, డబ్బూ సరుకూ తమదే అయినా ఓడ మాత్రం ఆర్మీనియన్లదనో, ఇక్కడి వర్తకులదనో చెప్పి పంపేవాళ్ళు. మనీలాలో అధికారులకీ విషయం తెలుసు, వాళ్ళకీ బట్ట కావాలి కాబట్టి చూసీచూడనట్టు పోనిచ్చేవాళ్ళు. చెన్నైలో సైదాపేట దగ్గర అడయారు నది మీద మొదటి వంతెన 1726లో కట్టించిన పెట్రుస్ ఉస్కాన్ ఆర్మీనియన్ వర్తకుడు, ఆయన సంపాదన మనీలా వ్యాపారంలోదే, సెయింట్ థామస్ మౌంట్ కొండకి మెట్లు కూడా ఆయనే వేయించాడు. ఈ వెండి మద్రాసులో దిగితే నేరుగా టంకశాలకి పోయేది, కరిగించి రూపాయలు కొట్టేవాళ్ళు. ఒక ఊళ్ళో నేతగాడికి ముట్టిన రూపాయిలో పొతోసి కొండ వెండి ఉండి ఉంటుందని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అలా దొడ్డిదారిన సాగుతున్న వ్యాపారం ఒక ఏడాది తుపాకులదాకా వెళ్ళింది. 1762 జనవరిలో బ్రిటన్ స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించింది. విలియం డ్రేపర్ అనే అధికారి, అంతకు రెండేళ్ళ క్రితం వందవాసి యుద్ధంలో ఫ్రెంచి వాళ్ళని ఓడించిన రెజిమెంటు ఆయనది, ఆయనా అడ్మిరల్ కోర్నిష్ కలిసి మద్రాసు నుంచి ఓడల్లో బయల్దేరి సెప్టెంబర్ 23న మనీలా అఖాతంలో దిగారు. యుద్ధం మొదలైందన్న కబురే మనీలాకి చేరలేదు! గవర్నరు లేడు, ఆయన స్థానంలో ఆర్చ్‌బిషప్ మనుయెల్ రోహో ఉన్నాడు. వానల్లో, అలల్లో ఒడ్డుకి దిగి రెండు వారాలు నిండకుండానే కోట తీసుకున్నారు, ఊరిని దోచుకున్నారు, ఇంకా దోచకుండా ఉండటానికి 40 లక్షల డాలర్లు ఇస్తామని ఆర్చ్‌బిషప్ చేత రాయించుకున్నారు. అందులో చాలా భాగం చివరిదాకా రానే లేదు, స్పెయిన్ ఖజానా మాకు సంబంధం లేదంది. మనీలా బయట సిమోన్ దె ఆండా అనే జడ్జి లొంగకుండా పంపంగ అనే ప్రాంతంలో ఉండి పోరాడుతూనే ఉన్నాడు, 1764లో ఇంగ్లిష్ వాళ్ళు వెళ్ళిపోయేదాకా వాళ్ళ చేతిలో ఉన్నది మనీలా, కవిటే, ఆ చుట్టుపక్కల కొంచెం.

ఆ ఓడల్లో ఎవరున్నారు అన్నదే నాకు ముఖ్యం. తెల్ల సోల్జర్లతో పాటు సుమారు 600 మంది మద్రాసు సిపాయిలు ఉన్నారు. అప్పటి మద్రాసు సైన్యం అంటే తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లింలు అందరూ కలిసినదే. అంతకు ఐదారేళ్ళ ముందు క్లైవు ఇక్కణ్ణుంచే సిపాయిల్ని బెంగాల్ తీసుకెళ్తే ఉత్తరాదిలో సిపాయి అనే మాటకి బదులు తిలంగా అనడం మొదలైంది, 1857లో ఢిల్లీలో కూడా తిరగబడ్డ సిపాయిల్ని తిలంగాలనే అన్నారు. మన పేరు అంతగా అంటుకుంది ఆ ఉద్యోగానికి. మనీలా వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ఇంగ్లిష్ వాళ్ళు వెళ్ళిపోయినా ఆ సిపాయిలు మనీలాకి తూర్పున కైంతా అనే ఊళ్ళో ఉండిపోయారు, అక్కడి అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు. ఆ సిపాయిల సంతానం మేము అని చెప్పుకునే కుటుంబాలు కైంతాలో ఇప్పటికీ ఉన్నాయి. విజయగాథగా ఇంగ్లిష్ వాళ్ళు రాసుకున్న ఈ యుద్ధానికి బ్రిస్టల్‌లో డ్రేపర్ స్మారకం కట్టించాడు, దాని మీద చనిపోయిన ఆఫీసర్ల పేర్లున్నాయి. మన సిపాయి పేరు ఒక్కటి కూడా లేదు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది, దాచుకోను.

ఇంకొక్క ప్రయాణం చెప్పి ఆపేస్తాను. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ బ్రిటిష్ కాలనీకి చిల్లర డబ్బు ఉండేది కాదు, ఓడలు వస్తే సరుకుతో పాటు నాణేలు కూడా బయటికి వెళ్ళిపోయేవి, జనం రమ్ముతో జీతాలిచ్చుకునేవాళ్ళు. గవర్నర్ మెక్వారీ డబ్బు కావాలని అడిగితే ఈస్ట్ ఇండియా కంపెనీ 40,000 స్పానిష్ డాలర్లు సమరంగ్ అనే ఓడలో పంపింది, 1812 నవంబర్లో సిడ్నీ చేరాయి. ఆ ఓడ ఎక్కడినుంచి వెళ్ళింది? మద్రాసు నుంచే. ఈ నాణేలు కూడా బయటికి పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని ఆలోచించి మెక్వారీ, దొంగ నాణేలు చేసి శిక్షపడి అక్కడికొచ్చిన హెన్షల్ అనే అతన్ని పిలిచి ప్రతి నాణెం మధ్యలో గుండ్రంగా చిల్లు కొట్టించాడు. బయటి చుట్టుకి విలువ 5 షిల్లింగులు, లోపల ఊడిన బిళ్ళకి 15 పెన్నీలు. రెండిటి మీదా న్యూ సౌత్ వేల్స్ అని అచ్చు వేశారు, ఇంకో దేశంలో అవి చెల్లవు. ఆస్ట్రేలియాలో మెక్వారీ గ్రూప్ అనే ఆర్థిక సంస్థ లోగో ఈ చిల్లు డాలరే.

నాణెం ఇప్పుడు వెనక వరసకి వచ్చినట్టుంది. ఎవరి చేతిలో ఉందో వాళ్ళు రాజు మొహం మీద బొటనవేలు పెట్టండి. ఆ వేలు కప్పినంత మేరే సిడ్నీలో తీసేశారు. మిగిలిన చుట్టులో కరోలస్ అన్న పేరు అలాగే ఉంటుంది, మధ్యలో మొహం ఉండాల్సిన చోట అవతలి వస్తువు కనపడుతుంది.