సోమవారం, సా మ్బిలి | టాంజానియా బడిలో నా మొదటి వారం

అందరికీ నమస్తే. కెమెరా నేలవైపే ఉంది, పిల్లల చెప్పులు తప్ప ఏమీ కనిపించట్లేదు అంటారేమో. హెడ్‌మాస్టరమ్మ పెట్టిన షరతు అది. ముఖాలు తీయకూడదు, బడి పేరు చెప్పకూడదు. "ఆఫ్రికా పేద పిల్లలు అని థంబ్‌నైల్ పెట్టు, వ్యూస్ ఎట్ల రావో చూస్త" అని మా తోడికోడలి సలహా. వద్దులే అక్కా. ఈ ఛానల్ పెట్టిందే మా అమ్మ కోసం. "పొద్దంతా ఒక్కదానివి ఇంట్ల ఏం చేస్తవ్ బిడ్డా" అని రోజూ అడుగుతుంది కదా, ఇదిగోనమ్మా, ఇది చేస్తున్నా.

మేముండేది దార్ ఎస్ సలాంలో, ఉపాంగా అనే పేటలో. ఇక్కడ గుజరాతీలు ఎక్కువ, అందుకని కరివేపాకు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. మాట్లాడే మనిషే దొరకదు. మా ఆయన పొద్దున్నే పోతే రాత్రికే రావడం. కరీంనగర్‌లో మూడేళ్లు టీచర్‌గా చేసినదాన్ని, ఊరికే కూర్చోలేక, మ్బగాలా వైపు ఒక సర్కారు బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్తానని ఒప్పుకున్నా. జీతం గీతం లేదు.

హెడ్‌మాస్టరమ్మ ఫోన్‌లో "జుమాటటు, సా మ్బిలి" అన్నారు. ఇక్కడి స్వాహిలీ భాషలో జుమాటటు అంటే సోమవారం, సా అంటే గంట, మ్బిలి అంటే రెండు. యాప్‌లో నేర్చుకున్నాను మరి, ఆ మాత్రం తెలుసు. సోమవారం నింపాదిగా అన్నం తిని, ఒంటిగంటకు బజాజీ ఎక్కా. ఇక్కడ ఆటోను బజాజీ అనే అంటారు, మన బజాజ్ పేరే! మొదటిసారి విన్నప్పుడు పుట్టింటివాళ్లు కనిపించినంత సంబరపడ్డా. 7000 షిల్లింగులు తీసుకున్నాడు. ముప్పైతో భాగించుకోండి, 230 రూపాయలు పైమాటే. రెండింటికి పది నిమిషాల ముందే బడి ముందు దిగా. చూస్తే చిన్న తరగతులకు తాళాలు.

హెడ్‌మాస్టరమ్మ పడీ పడీ నవ్వారు. సా మ్బిలి అంటే పొద్దున ఎనిమిదట! స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్లకు ఒకటి, మన పన్నెండు వాళ్లకు ఆరు. భూమధ్యరేఖకు దగ్గర కదా, ఏడాది పొడవునా సూర్యుడు ఆరు, ఆరున్నర ప్రాంతంలోనే వస్తాడు, లెక్క తప్పదు. మా తాతయ్య గుర్తొచ్చారు. పంచాంగం ముందేసుకుని "పొద్దు పొడిచి ఐదు గడియలైంది" అనేవారు. మేం వెక్కిరించేవాళ్లం. తాతయ్యను ఇక్కడికి తీసుకొస్తే అరగంటలో కలిసిపోయేవారు.

మర్నాడు సరిగ్గా సా మ్బిలికి వెళ్లా. "షికమో మ్వాలిము!" అని గదంతా లేచి నిలబడింది. మ్వాలిము అంటే టీచర్. షికమో అంటే మీ పాదాలు పట్టుకుంటున్నాను అని అర్థమట. మన పాదాభివందనమే, వంగకుండా. బదులుగా "మరహబా" అనాలి. రెండో తరగతి, హాజరుపట్టీలో 94 మంది. 2016లో సర్కారు బడుల్లో ఫీజులు తీసేశాక పిల్లలు వరదలా వచ్చారు, గదులు మాత్రం ఉన్నవే. కూడికలకు సోడా మూతలు. నాలుగు డజన్ల కొత్త పెన్సిళ్లు తీసుకెళ్లా, 8000 షిల్లింగులు, 270 రూపాయలనుకోండి. ఎవరికిచ్చి ఎవరిని ఊరుకోబెట్టాలి అని నేను టెన్షన్ పడుతుంటే, క్లాస్ టీచర్ ఒక్కో పెన్సిల్ తీసి టక్కున రెండు ముక్కలు చేయడం మొదలుపెట్టింది. నా ప్రాణం ఉసూరుమంది. అందరికీ అందాయి. రెండు ముక్కలు మిగిలాయి కూడా. వాటిని బ్లేడుతో చెక్కి తన జుట్టులో దోపుకుంది.

ఆ రోజు పాఠం గడియారం. నా ఖర్మ. బోర్డు మీద ఎనిమిది గంటలు గీసి, అలవాటుకొద్దీ "సా నానే" అన్నా. నానే అంటే ఎనిమిది. 94 గొంతులు ఒక్కసారి గొల్లుమన్నాయి. ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచొచ్చింది. నా చేతిలో సుద్దముక్క తీసుకుని, మునివేళ్ల మీద లేచి, ఎనిమిది అంకె నుంచి నడిమధ్యగా ఎదురుగా ఉన్న రెండు దాకా గీత గీసింది. ముల్లు చూపించే అంకె కాదు, దాని ఎదురు అంకె చదవాలన్నమాట. యాప్‌లో ఆ ముక్క లేదు! ఆ గీతను మధ్యాహ్నం దాకా చెరపలేదు నేను.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. మనకూ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా, అది ఆమెకు ఎప్పుడూ గుర్తుండదు. "అక్కడ టైమెంత అయింది బిడ్డా?" అంది. బయట ఎండ చూస్తూ "రెండు" అనేశా.

"రాత్రి రెండింటికి మేలుకోని కూసున్నవా? నిద్ర పడ్తలేదా?"

గడియారం సంగతి చెబుదామనే నోరు తెరిచా. "పడుతోందమ్మా" అన్నా. కుక్కర్ మూడో విజిల్ వచ్చింది, ఆగండి, పప్పు అడుగంటుతోంది.