లాఫింగ్ గ్యాస్: మాస్కులో ఒకటి, బెలూన్‌లో ఇంకొకటి

అందరికీ నమస్కారం. నర్సింగ్ విద్యార్థులు, డెంటల్ హౌస్ సర్జన్లు, థియేటర్ టెక్నీషియన్లు, కాలేజీ పిల్లల తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సభ ఇది. కొందరికి తెలిసిన సంగతులు మళ్ళీ చెప్పాల్సి వస్తుంది, కాస్త ఓర్చుకోండి.

విశాఖలో గ్యాస్ అనగానే 2020 మే 7 తెల్లవారుజామే గుర్తొస్తుంది. ఆ రోజు ఆర్ఆర్ వెంకటాపురాన్ని కమ్మేసింది స్టైరీన్. దాని ఘాటు తెలుస్తుంది, కళ్ళు మండుతాయి, జనం లేచి పరుగెత్తుతారు. లాఫింగ్ గ్యాస్, అంటే నైట్రస్ ఆక్సైడ్, అలా కాదు. రంగు లేదు, కొంచెం తియ్యటి వాసన, కళ్ళు మండవు, దగ్గు రాదు. ఊపిరాడటం లేదని మన ఒంటికి తెలిసేది లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఆక్సిజన్ తగ్గితే అంత గట్టిగా తెలియదు. ఈ గ్యాస్ పీలుస్తూ మామూలుగానే ఊపిరి వదులుతుంటే కార్బన్ డయాక్సైడ్ బయటకి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం పడిపోతుంది. మనిషికి హాయిగానే ఉంటుంది, ఆ హాయిలోనే స్పృహ పోతుంది.

ఈ గ్యాస్ వైద్యానికి రాకముందే వినోదానికి వెళ్ళింది. 1772లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ దీన్ని తయారుచేశాడు. 1800లో ఇంకో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ, ఇది నొప్పిని చంపుతోంది, ఎక్కువ రక్తం పోని ఆపరేషన్లకు పనికొస్తుందేమో అని రాశాడు. ఆ మాట 44 ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. ఈలోగా టికెట్టు పెట్టి, సంచుల్లో పట్టి, జనం చేత పీల్పించి నవ్వించే ప్రదర్శనలు నడిచాయి. 1844 డిసెంబర్ 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో అలాంటి ప్రదర్శనలో ఒకాయన కాలికి గాయమైనా నొప్పి తెలియకుండా తిరగడం హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టర్ గమనించాడు. మర్నాడే ఆ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. తరువాతి నెల బోస్టన్‌లో అందరిముందూ చేసి చూపిస్తే రోగి అరిచాడు, వెల్స్ నవ్వులపాలయ్యాడు.

ఎందుకలా జరిగి ఉంటుందో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. నైట్రస్ బలహీనమైన మత్తు. కత్తి పెడితే సగం మంది కదలకుండా ఉండాలంటే 104 శాతం గాఢత కావాలి. మామూలు గాలి ఒత్తిడి దగ్గర వంద శాతానికి మించి ఇవ్వడం ఎలాగూ కుదరదు. అంటే ఆనాడు సంచిలోంచి శుద్ధ నైట్రస్ పీల్చి పూర్తిగా పడిపోయినవాళ్ళకి మత్తు కొంత, ఆక్సిజన్ కరువు కొంత. పెదాలు నీలంగా మారడం అప్పట్లో మామూలే. 1868లో షికాగోలో ఎడ్మండ్ ఆండ్రూస్ అనే సర్జన్ దీనికి ఆక్సిజన్ కలిపి ఇవ్వమన్నాడు. నా లెక్కలో నైట్రస్ మందుగా మారింది ఆ రోజునే. ఇవాళ సరదాకి వట్టి నైట్రస్ బెలూన్‌లో పట్టి పీల్చే కుర్రాడు తిరిగి 1868కి ముందరి రోజుల్లోకి పోతున్నాడు.

ఆస్పత్రిలో దీన్ని ఎలా వాడతామో చూద్దాం. పళ్ళ కుర్చీలో ముందు ముక్కు మాస్కు పెట్టి రెండు మూడు నిమిషాలు వట్టి ఆక్సిజన్ ఇవ్వాలి. తర్వాత నైట్రస్‌ను 10 శాతం, ఒక నిమిషం ఆగి ఇంకో 10, అక్కడి నుంచి 5 శాతం చొప్పున పెంచాలి. చాలామందికి 30, 40 శాతం దగ్గర సరిపోతుంది: వేళ్ళ చివర్లు జివ్వుమంటాయి, భుజాలు సడలుతాయి, మాటకు జవాబు మాత్రం వస్తూనే ఉంటుంది. జవాబు ఆలస్యమైనా, కడుపులో తిప్పుతోందన్నా 5 నుంచి 10 శాతం తగ్గించండి. డెంటల్ మిషన్ ఆక్సిజన్‌ను 30 శాతం కంటే కిందికి పోనివ్వదు, ఆ కట్టు పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే చూసుకోవాలి. పని అయ్యాక నైట్రస్ కట్టేసి 5 నిమిషాలు వంద శాతం ఆక్సిజన్. ఈ ఆఖరి మెట్టు దాటవేసేవాళ్ళు ఎక్కువ. నైట్రస్ రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి ఒక్కసారిగా వెనక్కి వచ్చి అక్కడి ఆక్సిజన్‌ను పలచన చేస్తుంది. మామూలు గాలి మీద వదిలేస్తే కుర్చీ దిగగానే కళ్ళు తిరుగుతాయి.

కాన్పు గదిలో వాడేది సగం నైట్రస్, సగం ఆక్సిజన్ ఒకే సిలిండర్లో కలిపిన ఎంటొనాక్స్. 1961లో టన్‌స్టాల్ అనే మత్తు డాక్టర్ తెచ్చిన పద్ధతి ఇది. పీల్చిన 50 సెకన్లకి గానీ పూర్తి ఫలితం రాదు కాబట్టి నొప్పి ముదిరాక మాస్కు అందుకుంటే లాభం లేదు, నొప్పి వస్తోందనగానే మొదలుపెట్టాలి. మాస్కు పట్టుకోవాల్సింది ఆ తల్లే. అత్తగారో, ఆయమ్మో ప్రేమకొద్దీ ముఖానికి నొక్కి పట్టకూడదు. మగత వస్తే ఆమె చెయ్యి జారాలి, మాస్కు ఊడాలి, గాలి అందాలి. ఆ చెయ్యే అక్కడ సేఫ్టీ వాల్వ్.

ఎవరికి ఇవ్వకూడదు? నైట్రజన్ కంటే ఇది రక్తంలో 34 రెట్లు ఎక్కువ కరుగుతుంది. కాబట్టి ఒంట్లో గాలి చిక్కుకున్న చోటుకి నైట్రజన్ బయటికి పోయేకంటే వేగంగా దూరుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్ళకి 70 శాతం నైట్రస్ పెడితే సుమారు పది నిమిషాల్లో ఆ గాలి రెట్టింపవుతుంది. పేగు అడ్డుపడినవాళ్ళు, చెవి కర్ణభేరి ఆపరేషన్, రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టించుకున్నవాళ్ళు ఇదే కోవ. కంటి బుడగ వారాల తరబడి ఉంటుంది. అది మర్చిపోయి పన్ను పీకేటప్పుడు నైట్రస్ ఇస్తే చూపు పోవచ్చు. కేస్ షీట్లో లేకపోయినా నోటితో అడగండి.

టెక్నీషియన్లకు రెండు మాటలు. నైట్రస్ సిలిండర్ నీలం, ఆక్సిజన్ నలుపు ఒంటి మీద తెల్ల భుజాలు. తప్పు సిలిండర్ మిషన్‌కి తగలకుండా అడ్డుకునే పిన్నుల స్థానాలు నైట్రస్‌కి 3, 5; ఆక్సిజన్‌కి 2, 5. లోపల నైట్రస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి గేజ్ నమ్మకండి. 20 డిగ్రీల దగ్గర సిలిండర్ నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా సుమారు 50 బార్లే చూపిస్తుంది. ద్రవం అయిపోయాక ముల్లు గబగబా పడుతుంది, అప్పటికి మిగిలింది కొంచెమే. తూకం వేయండి. మెడ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేస్తే వచ్చిన ప్రతి కిలోకి 540 లీటర్ల గ్యాస్. ఇంకొకటి, 36.5 డిగ్రీలు దాటితే ఈ గ్యాస్ ద్రవంగా నిలవదు. మన మే నెలలో రేకుల షెడ్డు ఆ అంకె దాటడం ఎంతసేపు? అందుకే చల్లటి దేశాల్లో సిలిండర్లో పట్టే నీటి బరువులో 75 శాతం దాకా నింపితే, వేడి దేశాల్లో 67 దగ్గర ఆపుతారు. నీడ, గాలి, తాళం మూడూ కావాలి. ఇది మండదు, మంటను మాత్రం ఆక్సిజన్‌లాగే ఎగదోస్తుంది. వాల్వ్‌కి గ్రీజు, నూనె తగలనివ్వద్దు.

పైపుల్లో ఆక్సిజన్, నైట్రస్ తారుమారై రోగులు చనిపోయిన ఘటనలు మన దేశంలోనూ ఉన్నాయి. పైపుల మరమ్మతు జరిగిన ప్రతిసారీ గోడ సాకెట్ దగ్గర ఆక్సిజన్ ఎనలైజర్ పెట్టి అంకె చూడకుండా రోగిని పడుకోబెట్టకూడదు. సాకెట్ రంగు, దాని మీద స్టిక్కరు సాక్ష్యం కావు.

ఇక బెలూన్ సంగతి. క్రీమ్ నురగ తెప్పించడానికి బేకరీల్లో వాడే బొటనవేలంత స్టీలు గొట్టంలో 8 గ్రాముల నైట్రస్ ఉంటుంది, విడిస్తే నాలుగు లీటర్ల పైమాటే. అందులో ఆక్సిజన్ చుక్క లేదు. ఇప్పుడు అలాంటి డెబ్భై ఎనభై గొట్టాలకు సమానమైన పెద్ద డబ్బాలు కూడా వచ్చాయి, అసలు అనర్థం వాటితోనే పెరిగింది. నెదర్లాండ్స్ 2023 జనవరి 1న, బ్రిటన్ అదే ఏడు నవంబర్ 8న వినోద వాడకాన్ని నిషేధించాయి. ఊపిరాడక చనిపోవడం, నిలబడి పీల్చి పడిపోవడం, బండి నడుపుతూ గుద్దేయడం మీరు ఊహించగలరు. గ్యాస్ విడుస్తుంటే డబ్బా గడ్డకట్టేంత చల్లబడుతుంది; దాన్ని తొడల మధ్య పెట్టుకుంటే చలి కాలిన గాయాలవుతాయి, మొదట పాలిపోయి మొద్దుబారిన మచ్చే కనిపిస్తుంది, లోతు తర్వాత తెలుస్తుంది.

కానీ మనం ఎక్కువగా కనిపెట్టలేకపోతున్నది వెన్నుపాము దెబ్బ. నైట్రస్ బి12 విటమిన్ నడిబొడ్డున ఉన్న కోబాల్ట్‌ను ఆక్సీకరణం చేసి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. దాంతో మెథియొనిన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆగిపోతుంది, నరాల మీది మైలిన్ పొర నిలవదు. ఒక ఆపరేషన్లో కొన్ని గంటలు వాడితే చాలామంది తట్టుకుంటారు. 2014లో వెలువడిన ఎనిగ్మా-2 అధ్యయనం ఏడు వేలమందికి పైగా రోగుల్లో చూసి, నైట్రస్ వల్ల మరణాలు, గుండెపోట్లు పెరగలేదని చెప్పింది. రోజూ పీల్చేవాళ్ళ కథ వేరు. అసలే బి12 తక్కువున్నవాళ్ళకి ఇంకా తొందరగా ముంచుకొస్తుంది. మన దగ్గర అలాంటివాళ్ళు తక్కువేం కాదు: పాలు కూడా సరిగా తాగని శాకాహారులు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు, గ్యాస్ ట్రబుల్ బిళ్ళలు వదలనివాళ్ళు. వీళ్ళకి మత్తు ఇచ్చే ముందూ బి12 సంగతి అడగాలి.

లక్షణాలు పాదాల నుంచి మొదలవుతాయి. రెండు కాళ్ళకీ సమానంగా తిమ్మిర్లు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం, చెప్పు జారినా తెలియకపోవడం. చీకట్లో తూలడం, వాష్ బేసిన్ దగ్గర కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే ముందుకు పడబోవడం. మెడ వంచితే వీపు వెంట కరెంటు పాకడం. గిలియన్ బారీ (ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీద దాడిచేసే జబ్బు) అనుకుని చికిత్స మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇలా వస్తే, తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి, "బెలూన్లు పీలుస్తావా నాన్నా, వారానికి ఎన్ని?" అని మామూలు గొంతుతో అడగండి. కోప్పడితే నిజం రాదు.

రక్తంలో బి12 అంకె బాగుందని వదిలేయకండి. అక్కడ ఉన్నది పనిచేయని బి12 కావచ్చు. బి12 పనిచేయనప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ ఆసిడ్ చూడాలి, మెడ ఎంఆర్ఐ తీయించాలి. రక్తం తీసిన వెంటనే, రిపోర్టుల కోసం ఆగకుండా, కండకి 1000 మైక్రోగ్రాముల బి12 ఇంజక్షన్ మొదలెట్టండి. ముందుగా ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇస్తే నరాల జబ్బు ముదరవచ్చు. గ్యాస్ మానకుండా ఇంజక్షన్లు పొడిచినా లాభం లేదు, ఎక్కించింది ఎక్కించినట్టే పాడవుతుంది. బి12 బిళ్ళ వేసుకుని పీలిస్తే ఏం కాదని పిల్లల్లో ఒక ప్రచారం ఉంది, అది తప్పు. మొదటి వారాల్లో ఆపితే నడక చాలావరకు తిరిగొస్తుంది, నెలలు నానబెడితే కర్ర మిగులుతుంది.

ఎవరైనా పీలుస్తూ పడిపోతే ముఖం దగ్గరున్నవన్నీ తీసేసి ఆరుబయటికి లాగండి. అగ్గిపుల్ల గీయకండి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించండి. చలి గాయాన్ని రుద్దకండి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మానలేకపోతున్నవాళ్ళకి వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446. ఖాళీ గొట్టాలు దొరికితే పారేయకుండా డాక్టర్‌కి చూపించండి, ఎన్ని పీల్చారో లెక్క వాటితోనే తేలుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.