పాతకాలం తిండి – మన ఆరోగ్యం (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, ఎక్కణ్ణుంచండీ?

కాలర్: తెనాలి దగ్గర్నుంచమ్మా, రిటైర్డ్ టీచర్ని. డాక్టర్ గారూ, మనవడు ఫోన్లో ఈజిప్టు మమ్మీల వీడియో చూపించాడు. వాళ్ళకి గుండెజబ్బే లేదట! మైదా లేదు, రిఫైన్డ్ నూనె లేదు. మా నాన్నగారూ అంతే, జొన్నన్నం తిని తొంభై దాకా... అప్పట్లో మా ఊరి చెరువు...

యాంకర్: ప్రశ్న అడగండి మాస్టారూ.

కాలర్: అదే, నేనూ ఆ తిండి మొదలెట్టా. వారం నుంచి బీపీ బిళ్ళ మానేశా.

డాక్టర్: అయ్యో! ఇవాళే మీ డాక్టర్‌కి చూపించుకుని బిళ్ళ మళ్ళీ మొదలెట్టండి. మమ్మీలంటారా, 137 మమ్మీలకి సీటీ స్కాన్ తీశారు, 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 47 మందిలో రక్తనాళాలు గట్టిపడ్డ జాడలున్నాయి.

కాలర్: మమ్మీలంటే రాజులు కదండీ, కూర్చుని తిన్నోళ్ళు.

డాక్టర్: ఈజిప్టు వరకు మీ మాటలో కొంత నిజముంది. కానీ అదే లెక్కలో అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల వేటగాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి రాజభోగం ఎక్కడిది? పొయ్యి పొగ, ఎప్పుడూ ఏదో ఒక ఇన్ఫెక్షన్, ఇవి కారణాలై ఉండొచ్చని పరిశోధకుల అనుమానం.

కాలర్: పోనీ కష్టజీవులేం తిన్నారు? గుండె బాగుండేదా?

డాక్టర్: గుండె సంగతి చెప్పాగా మాస్టారూ. తిండి చెబుతా. రాజుల సమాధులు తొలిచినవాళ్ళు దేర్ ఎల్ మెదీనా అనే ఊళ్ళో ఉండేవాళ్ళు. జీతం గింజల్లోనే. మామూలు పనివాడికి నెలకు నాలుగు బస్తాల ఎమ్మర్ అనే పాతకాలం రకం గోధుమలు, ఒకటిన్నర బస్తా యవలు. రొట్టె, బీరు, ఉల్లిపాయ, చేప. బానే ఉంది కదా? పళ్ళు చూస్తే ఏడుపొస్తుంది. మనిళ్ళల్లో రోలుకి కక్కు కొట్టించాక మొదట రుబ్బింది పారబోసేవాళ్ళు, గుర్తుందా?

కాలర్: ఆఁ, మా అమ్మ పారబోసేది. పళ్ళకింద కరకరమనేది.

డాక్టర్: వాళ్ళకి రోజూ ఆ కరకరే. రాతి మీద నూరిన పిండి, పైగా ఎడారి ఇసుక. పళ్ళు అరిగి లోపలి నరం బయటపడేది, దవడలో చీము. రాజుల దవడల్లోనూ ఇదే గోల.

కాలర్: అంటే బిళ్ళ...

డాక్టర్: వేసుకోవాలి!

యాంకర్: థాంక్యూ మాస్టారూ. కర్నూలు నుంచి అమ్మా, చెప్పండి.

కాలర్: ఉలవలు వండితే పిల్లలు గుర్రాల దాణా అని నవ్వుతున్నారండి.

డాక్టర్: మీ పక్కనే, బళ్ళారి దగ్గర సంగనకల్లు తవ్వకాల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయమ్మా. సుమారు నాలుగు వేల ఏళ్ళనాటి తిండి. పెట్టండి, నవ్వనివ్వండి. ఉలవలు తింటున్నాం కదా అని బిళ్ళలు మాత్రం మానకండి.

యాంకర్: తర్వాత వరంగల్.

కాలర్: సార్, పిరమిడ్ కట్టినోళ్ళకు ఉల్లి, వెల్లుల్లి పెట్టిన్రట, నిజమేనా?

డాక్టర్: హెరొడోటస్ అని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు రాశాడు. ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లికి 1600 టాలెంట్ల (అప్పటి తూకం) వెండి ఖర్చయిందని పిరమిడ్ మీద ఉందట, దుబాసీ చదివి చెప్పాడట. కట్టిన రెండు వేల ఏళ్ళకు వెళ్ళాడు బాబూ ఆయన! దుబాసీ ఏం చదివాడో...

యాంకర్: లైన్ కట్టయింది. ఒక్క కాల్‌కే టైముంది. హలో?

కాలర్: నేనేనమ్మా, తెనాలి. రాగిజావ తాగొచ్చా?

డాక్టర్: తాగండి, ఉప్పు తగ్గించి. బిళ్ళ?

కాలర్: మా ఆవిడ ఇప్పుడే చేతిలో పెట్టింది.