ముసురు రోజుల్లో డ్రయ్యర్ కబుర్లు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. రథయాత్ర అయిపోయింది, ముసురు పట్టుకుంది. బరంపురం నుంచి కోరాపుట్ దాకా ఏ ఇంట్లో చూసినా కుర్చీల మీదా, తలుపుల మీదా తడి బట్టలే. అందుకే ఈ వారం బట్టలారబెట్టే డ్రయ్యర్ గురించి మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా బరంపురంలో ఇంటి మెషీన్లు బాగుచేస్తున్న మెకానిక్ గారు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

మెకానిక్: నమస్కారం. ఫోన్లు వచ్చేలోపు ఒక్క మాట చెబుతాను. డ్రయ్యర్ అనగానే అందరూ వేడి సంగతే అడుగుతారు. వేడి ఎంతున్నా గాలి ఆడకపోతే బట్ట ఆరదు. పెరట్లో దండెం చూడండి. మబ్బు పట్టినా గాలి వీస్తుంటే సాయంత్రానికి ఆరతాయి. గాలి లేని గదిలో హీటర్ పెట్టినా చెమ్మ చెమ్మగానే ఉంటాయి. నేను వెళ్లి చూసేవాటిలో హీటర్ పోయినవి తక్కువ, గాలి దారి మూసుకుపోయినవి ఎక్కువ.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ రాయగడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (రాయగడ): నమస్కారమండీ. మాది గాలి బయటికి వదిలే రకం డ్రయ్యర్. కొన్నప్పుడు గంటలో ఆరిపోయేవి. ఇప్పుడు మూడు గంటలు తిప్పినా జీన్స్ నడుం దగ్గర తడే. కరెంటు బిల్లు చూసి మావారు నా మీద ఎగురుతున్నారు.

మెకానిక్: తలుపు దగ్గర జాలీ ఉంటుంది కదమ్మా, నూగు పట్టేది. అది తీసి తుడుస్తున్నారా?

శ్రోత (రాయగడ): ప్రతిసారీ తీస్తానండీ. పిల్లి బొచ్చులా ఇంత వస్తుంది.

మెకానిక్: మంచిది. ప్రతి వాయికీ తీయాల్సిందే. నెలకోసారి అన్నవాళ్లని నేను నమ్మను. ఉతికాక సువాసన కోసం కండిషనర్ ఏమైనా పోస్తారా?

శ్రోత (రాయగడ): పోస్తానండీ. మూతతో కొలిచి కాదు గానీ... కొంచెం ఎక్కువే.

మెకానిక్: అదే అనుకున్నాను. దాని జిడ్డు జాలీ మీద కంటికి కనపడని పొరలా పేరుకుంటుంది. నూగు దులిపేస్తే జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది గానీ గాలి దూరదు. ఇప్పుడే ఒక పని చేయండి. జాలీ తీసి కుళాయి కింద పట్టండి. నీళ్లు జర్రున దిగిపోతే సరే. పళ్లెంలో పోసినట్టు నిలిచాయనుకోండి, జిడ్డు ఉన్నట్టే. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, పాత టూత్‌బ్రష్ పెట్టి మెత్తగా రుద్దండి. పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టాలి.

శ్రోత (రాయగడ): సరేనండీ.

మెకానిక్: ఇంకోటి కూడా చూడండి. జాలీ పెట్టేశాక మెషీన్ తిప్పి, వెనక గొట్టం గోడ అవతల ఎక్కడ తేలుతుందో అక్కడ చెయ్యి పెట్టండి. విసురుగా వెచ్చని గాలి తగలాలి. ఊపిరి వదిలినట్టు వస్తే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. మెషీన్‌ని గోడకి మరీ నెట్టేస్తే గొట్టం నలిగిపోతుంది, ఊళ్లో సగం ఇళ్లలో అదే కథ. చూసి మళ్లీ ఫోన్ చేయండి, మేమిక్కడే ఉంటాం.

వ్యాఖ్యాత: తరవాతి ఫోన్ పర్లాకిమిడి నుంచి. తాతగారూ, చెప్పండి.

శ్రోత (పర్లాకిమిడి): నాయనా, మా డ్రయ్యర్ తిత్లీ తుఫాను వచ్చిన ఏడు కొన్నాం, 2018లో. ఇన్నాళ్లూ బాగానే ఉంది. ఇప్పుడు తిప్పితే రోకలితో దంచినట్టు దడదడా శబ్దం. ఒక్కోసారి అసలు తిరగదు.

మెకానిక్: పక్కపక్కన రెండు తొట్లు ఉంటాయా అండీ? ఒకదాంట్లో ఉతకడం, రెండోది చిన్నది?

శ్రోత (పర్లాకిమిడి): అవును. ఆ చిన్నదే డ్రయ్యర్.

మెకానిక్: అందులో వేడి ఉండదు తాతగారూ. నిమిషానికి పదమూడు, పద్నాలుగు వందల చుట్లు తిరిగి నీళ్లు పిండేస్తుందంతే. కంపెనీ వాళ్లు దాన్ని స్పిన్ అంటారు.

శ్రోత (పర్లాకిమిడి): వాళ్లేమన్నా అననీ. మా వీధంతా డ్రయ్యరనే అంటాం.

వ్యాఖ్యాత: గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కదండీ. జనం వాడే మాటే మాట!

మెకానిక్: అయితే నేనూ డ్రయ్యరనే అంటాను. బట్టలు వేశాక పైన ఒక ప్లాస్టిక్ బిళ్ల నొక్కిపెట్టాలి. అది ఉందా?

శ్రోత (పర్లాకిమిడి): మనవడు దాంతో ఆడుకుని ఎక్కడో పారేశాడు.

మెకానిక్: సగం సంగతి అక్కడే ఉంది. దుప్పటి ఒక్కటే ఒక పక్కకి వేస్తే తొట్టి ఊగిపోతుంది. బట్టలు చుట్టూరా సమంగా సర్దాలి, బిళ్ల కొత్తది కొనుక్కోవాలి. ఇక తిరగకపోవడం అంటారా, ముందు ప్లగ్గు తీసి, తొట్టి చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి. పట్టేసినట్టుంటే అంచు మీదుగా జారిన చిన్న మేజోడో జేబురుమాలో తొట్టి కింద చుట్టుకుని ఉంటుంది. తేలిగ్గా తిరుగుతోందంటే మూత దగ్గర స్విచ్చో, బ్రేకు తీగో చూడాలి. అది మెకానిక్ పని, మీరు విప్పొద్దు. మూత ఎత్తినా తొట్టి తిరుగుతూనే ఉందంటే మాత్రం ఆ రోజు నుంచే వాడకం ఆపేయండి. పిల్లల చేతులు పోతాయి.

వ్యాఖ్యాత: గుణుపురం నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత (గుణుపురం): అన్నయ్యా, మాది దానంతటదే ఆగే డ్రయ్యర్. తువ్వాళ్లు తడిగా ఉండగానే "అయిపోయింది" అని పాట పాడుతుంది.

మెకానిక్: (నవ్వు) దానికి స్పర్శ పోయిందమ్మా. డ్రమ్ము లోపల తలుపు వైపు రెండు లోహపు పట్టీలు ఉంటాయి. తడి బట్ట తగిలితే వాటికి తెలుస్తుంది. కండిషనర్ జిడ్డు పడితే ఏమీ తెలియదు, బట్టలు ఆరిపోయాయనుకుంటుంది. సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవండి. గీకకూడదు. రెండే తువ్వాళ్లు వేసినా పట్టీలకి సరిగా తగలవు, ఇంకో నాలుగు బట్టలు కలపండి.

వ్యాఖ్యాత: జయపురం నుంచి ఒక అబ్బాయి. చెప్పు బాబూ.

శ్రోత (జయపురం): సార్, మాది ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే మెషీన్. ఎనిమిది కిలోలది. ఉతుకు బాగుంది. ఆరబెట్టడం మాత్రం ఒకరోజు బాగా చేస్తుంది, ఇంకోరోజు బట్టలన్నీ ఆవిరి కుడుముల్లా వస్తాయి.

మెకానిక్: ఉతుకు అయిపోగానే కుళాయి కట్టేస్తారా?

శ్రోత (జయపురం): అమ్మ కట్టేస్తుంది సార్, నీళ్లు వృథా అని. మీకెలా తెలిసింది?

మెకానిక్: ఇలాంటి మెషీన్లలో చాలావాటికి ఆరబెట్టేటప్పుడు కూడా చన్నీళ్లు కావాలి. వేడి గాలిలోకి చేరిన ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చేది ఆ చన్నీళ్లే. కుళాయి కట్టేస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది? మళ్లీ బట్టలకే. అమ్మని కేకలేయకు, ఆవిడ అనుకున్నది న్యాయమే. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఒకసారి చూసి, అవసరమైతే అయ్యేదాకా తెరిచి ఉంచమను.

శ్రోత (జయపురం): ఎనిమిది కిలోలూ వేయొచ్చా సార్?

మెకానిక్: ఉతకడానికి ఎనిమిది. ఆరబెట్టడానికి ఐదో ఎంతో మీద రాసే ఉంటుంది. సగం తీసేసి ఆరబెట్టు. వీటిలో చాలావాటికి నూగు జాలీ విడిగా ఉండదు. నూగంతా తలుపు రబ్బరు మడతలోకీ, కింద పంపు ఫిల్టర్‌లోకీ చేరుతుంది. రబ్బరు ప్రతిసారీ తుడవాలి. ఫిల్టర్ నెలకోసారి విప్పాలి. విప్పితే నీళ్లు కారతాయి, వెడల్పాటి పళ్లెం పెట్టుకో. జేబుల్లో మర్చిపోయిన రూపాయి బిళ్లలూ అక్కడే దొరుకుతాయి.

వ్యాఖ్యాత: ఇప్పుడు గోపాలపురం నుంచి. ఎవరండీ?

శ్రోత (గోపాలపురం): నేను బాలింతరాలి తల్లినండీ. మా మనవరాలికి రెండో నెల. ఇక్కడి ఒడియా వాళ్లలాగే మేమూ ఆవనూనె రాసి నీళ్లు పోస్తాం. ఆ తువ్వాళ్లు ఉతికి డ్రయ్యర్‌లో వేస్తే నిన్న మాడు వాసన వచ్చింది. భయమేసి ఆపేశాను. మడతపెట్టి బుట్టలో పెట్టాను.

మెకానిక్: అమ్మా, ఆ బుట్టలో తువ్వాళ్లు ఇప్పుడెలా ఉన్నాయి?

శ్రోత (గోపాలపురం): రాత్రే తీసి దండెం మీద వేశానండీ, ఎందుకో వెచ్చగా అనిపించి.

మెకానిక్: బతికించారు. శ్రోతలందరూ కాస్త వినండి. నూనె పీల్చుకున్న గుడ్డ ఒక్క ఉతుకుకి శుభ్రపడదు. మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా వేడి పుట్టిస్తుంది. పరిచి ఉంచితే ఆ వేడి పోతుంది. డ్రయ్యర్‌లో కాగినదాన్ని అలాగే మడిచి కుప్పపోస్తే వేడికి బయటికి దారి ఉండదు. అది పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. వంటింటి మసిగుడ్డలకీ ఇదే మాట.

శ్రోత (గోపాలపురం): అయ్యబాబోయ్. మరి పసిదాని బట్టలెలాగండీ?

మెకానిక్: నూనె తువ్వాళ్లు వేరుగా పెట్టండి. వేడినీళ్లలో సబ్బు ఎక్కువేసి రెండుసార్లు ఉతకండి. తరవాత ఫ్యాను కిందే ఆరేయండి, డ్రయ్యర్ వద్దు. మిగతా బట్టలు వేసుకోవచ్చు. ఇంకో సంగతి, చివరి పది నిమిషాలు మెషీన్ వేడి లేకుండా తిరుగుతుంది. అది బట్టలు చల్లారడానికి. తొందరపడి మధ్యలో ఆపకండి. ఆపాల్సి వస్తే మొత్తం బయటికి తీసి విడివిడిగా పరచండి. ఇంతకీ ప్లగ్గు ఎక్కడ పెట్టారు?

శ్రోత (గోపాలపురం): ఎక్స్‌టెన్షన్ బోర్డులోనండీ. ఫ్రిజ్జు పక్కన.

మెకానిక్: మాడు వాసన అక్కణ్ణించి కూడా వచ్చి ఉండొచ్చు. రెండువేల వాట్ల మెషీన్ దాదాపు తొమ్మిది ఆంప్స్ లాగుతుంది. మామూలు ఆరు ఆంప్స్ బోర్డు దాన్ని మోయలేదు. ప్లగ్గు కాళ్లు నల్లబడ్డాయేమో చూడండి. ఏసీకి పెట్టినట్టు పదహారు ఆంప్స్ సాకెట్ గోడకి విడిగా పెట్టించండి, ఎర్త్ ఉండాలి. అప్పటిదాకా వాడకండి. మీ దగ్గర సముద్రపు గాలికి సాకెట్లు తొందరగా తుప్పుపడతాయి కూడా.

వ్యాఖ్యాత: నిజంగానే డ్రయ్యర్లు అంటుకుంటాయా అండీ? వినడానికి కొత్తగా ఉంది.

మెకానిక్: మన దగ్గర వాడకం తక్కువ, అందుకని వినం. ఇంటింటా డ్రయ్యర్ ఉండే అమెరికాలో అక్కడి ఫైర్ శాఖ 2008 నుంచి 2010 వరకు లెక్క తీసింది. ఏడాదికి సుమారు 2,900 ప్రమాదాలు. కారణాల్లో మొదటిది యంత్రం చెడిపోవడం కాదు, శుభ్రం చేయకపోవడం. 34 శాతం. ఆ నూగు దూది కదండీ, దీపంలో వత్తి ఎలా అంటుకుంటుందో అలాగే అంటుకుంటుంది.

వ్యాఖ్యాత: ఒక శ్రోత మెసేజ్ పెట్టారు. బరంపురం పట్టుచీర డ్రయ్యర్‌లో వేయొచ్చా అని.

మెకానిక్: వద్దు. ఈ ఊళ్లో ఆ ప్రశ్న నన్నడిగితే సరే గానీ, నేతగాళ్లని అడగకండి.

వ్యాఖ్యాత: రాయగడ అమ్మగారు మళ్లీ లైన్‌లోకి వచ్చారు. ఏమైందమ్మా?

శ్రోత (రాయగడ): కుళాయి కింద పట్టానండీ. నీళ్లు చక్కగా దిగిపోయాయి.

మెకానిక్: అయితే నా అంచనా తప్పు. కండిషనర్‌ని అనవసరంగా ఆడిపోసుకున్నాను. గాలి సంగతి?

శ్రోత (రాయగడ): పెరటి వైపు వెళ్లి చెయ్యి పెడితే అసలు గాలే లేదు. తీరా చూస్తే గొట్టం మూతికి దోమల జాలీ కట్టి ఉంది. బల్లులు దూరుతున్నాయని పోయినేడు మావారే కట్టారు. దాని మీద నూగు... గొంగళి కప్పినట్టు ఉందండీ.

మెకానిక్: దొరికింది దొంగ. అక్కడ జాలీ కట్టకూడదమ్మా, లోపలి జాలీని తప్పించుకొచ్చిన నూగంతా దానికే పడుతుంది. లోపల గాలి తిరిగే వీలు లేక హీటర్ తెగ కాగుతుంది. ఆ బిల్లు మీవారే పెంచారన్నమాట.

శ్రోత (రాయగడ): వింటున్నారండీ పక్కనే. (నవ్వు) మరి బల్లులకి?

మెకానిక్: రేకు మూత దొరుకుతుంది, గాలి వస్తే తెరుచుకుని ఆగితే పడిపోయేది. అది బిగించండి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి గొట్టం కూడా ఊడదీసి లోపల దులపండి, ఏడాదికోసారి చేయాల్సిన పనే. ముడతల ప్లాస్టిక్ గొట్టమైతే మార్చేసి నాలుగంగుళాల అల్యూమినియంది వేయండి. వంపులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

శ్రోత (రాయగడ): ఆయన అప్పుడే నిచ్చెనెక్కారండీ. ఏదో అంటున్నారు... గొట్టంలో ఎండిపోయిన బల్లి కూడా ఉందట.

మెకానిక్: అమ్మా, ఒక్క నిమిషం. మెషీన్ ప్లగ్గు తీశారా?

శ్రోత (రాయగడ): ...ఇంకా తిరుగుతోందండీ.

మెకానిక్: ముందు ఆపి, ప్లగ్గు తీసి రండి. ఆయన్ని అప్పటిదాకా చెయ్యి పెట్టొద్దనండి. లైన్‌లోనే ఉంటాం.