హిప్నోథెరపీకి వెళ్దామా, వద్దా? మనవాళ్లు అడిగే ప్రశ్నలు, భయాలు

[షాట్: నల్గొండ క్లాక్ టవర్ సెంటర్, సాయంత్రం రద్దీ. యాంకర్ నడుస్తూ కెమెరాతో మాట్లాడాలి.]

యాంకర్: నమస్తే. హిప్నాటిజం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండు. ఒకటి, బి.వి. పట్టాభిరామ్ లాంటి వాళ్ల స్టేజీ షోలు. రెండు, కరెంటు స్తంభాలకు అతికించే వశీకరణం కాగితాలు. అందుకే ఏ డాక్టరో "హిప్నోథెరపీ కూడా చేసి చూద్దాం" అంటే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. "నీ మనసు వాళ్ల చేతుల్లో పెడతావా?" అని అమ్మ. "పైసలు దండుగ" అని నాన్న.

పైసలు దండుగ అన్న మాటలో ఒక్కోసారి నిజం ఉంటుంది. మనసు వాళ్ల చేతుల్లోకి పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. భయపడాల్సిన చోటు వేరే ఉంది: మీ జబ్బేంటో తేల్చకుండానే కళ్లు మూసుకోమనే మనిషి దగ్గర. ఎందుకో చెప్తాను.

[స్క్రీన్ మీద: "నిద్రపోతామా? స్పృహ తప్పుతుందా?"]

యాంకర్: రెండూ జరగవు. హైదరాబాద్ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచనలో పడతారు. నార్కట్‌పల్లి ఎప్పుడు దాటిందో, చిట్యాల ఎప్పుడొచ్చిందో తెలియదు. కండక్టర్ "టికెట్" అంటే మాత్రం వెంటనే తిరిగి చూస్తారు. హిప్నాసిస్, అంటే ఈ చికిత్సలో మనసు చేరే స్థితి, దాదాపు అలాంటిదే. ధ్యాస ఒకచోట నిలుస్తుంది, మిగతావి వెనక్కి జరుగుతాయి. థెరపిస్టు గొంతు వినిపిస్తుంది, బయట ఆటో హారన్ కూడా వినిపిస్తుంది. పట్టించుకోబుద్ధి కాదు, అంతే.

మొదటిసారి వెళ్తే సగం సమయం మాటలకే పోతుంది. ఎప్పటి నుంచి బాధ, ఏ మందులు వాడుతున్నారు, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో పరిస్థితేంటి. ఈ ప్రశ్నలు అడగకుండా నేరుగా లాకెట్ ఊపడం మొదలుపెట్టారంటే లేచి వచ్చేయండి. ఆ తర్వాత కుర్చీలో వాలి కూర్చోమంటారు, ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు, ఒళ్లు వదులు చేయిస్తారు. అప్పుడు మీ సమస్యకు తగ్గ సూచనలు ఇస్తారు. చివర్లో అంకెలు లెక్కపెడుతూ మామూలు స్థితికి తెస్తారు.

[స్క్రీన్ మీద: "మధ్యలో లేవలేకపోతే?"]

యాంకర్: థెరపిస్టు మధ్యలో గదిలోంచి వెళ్లిపోయినా కాసేపటికి మీరే కళ్లు తెరుస్తారు. మహా అయితే ఓ కునుకు తీసి లేస్తారు. కొందరికి లేచాక కాస్త తల తిరిగినట్టు, మత్తుగా ఉంటుంది. కాబట్టి పది నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు బండి తీయండి.

[షాట్: స్టేజీ మీద వెలిగే లైట్లు, ఖాళీ కుర్చీలు. కట్ చేసి యాంకర్ క్లోజప్.]

యాంకర్: "మరి స్టేజీ మీద పెద్ద మనుషులు కోళ్లలా కూశారు కదా?" కూశారు. ఆ షో ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందరినీ చేతుల వేళ్లు కలిపి గట్టిగా పట్టుకోమంటారు. "ఇక విడిపోవు" అంటారు. నిజంగానే విడదీయలేకపోయినవాళ్లను పైకి పిలుస్తారు. అంటే వందల మందిలోంచి సూచనకు బాగా స్పందించే కొద్దిమందిని ముందే ఏరుకున్నట్టు. పైగా వాళ్లు నవ్వించడానికి సిద్ధపడే పైకెక్కారు, కింద జనం చప్పట్లు కొడుతున్నారు. ఇక కూయక ఏం చేస్తారు?

సూచనకు స్పందించే గుణం అందరికీ ఒకేలా ఉండదు. దీన్ని కొలవడానికి 1959లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 12 పరీక్షలతో ఒక కొలమానం తయారుచేశారు. చెయ్యి బరువెక్కుతోంది అంటే కిందికి దిగుతుందా, ఈగ ముసురుతోంది అంటే తోలుకుంటారా, ఇలాంటివి. నూటికి పది పదిహేను మంది బాగా స్పందిస్తారు, దాదాపు అంతేమంది అసలు స్పందించరు. మనలాంటి మిగతావాళ్లంతా మధ్యలో ఉంటాం. స్పందించనివాళ్లు మొండివాళ్లూ కాదు, స్పందించినవాళ్లు అమాయకులూ కాదు.

[స్క్రీన్ మీద: "బస్టాండులో హిప్నటైజ్ చేసి గొలుసు తీసుకున్నారట!"]

యాంకర్: ఈ వార్త పేపర్లో ఏడాదికోసారైనా వస్తుంది. తిండిలోనో తాగే నీళ్లలోనో మత్తుమందు కలపడం, మాటల్లో పెట్టి గాబరా పుట్టించడం, "ముందు దొంగలున్నారమ్మా, నగలు తీసి కవర్లో పెట్టుకో" అని పోలీసుల్లా నమ్మించడం: ఇలాంటి మోసాలకు హిప్నాటిజం అక్కర్లేదు. నగలు పోగొట్టుకున్న మనిషి ఇంట్లో ఏం చెప్పుకోవాలి మరి? "నన్ను మాయ చేశారు" అనడం తేలిక. వాళ్లను తప్పుపట్టను. ఆ నేరాన్ని తీసుకొచ్చి చికిత్సకు అంటగట్టకండి, అంతే.

అసలు ఈ మాయ అన్న పేరు కొత్తది కాదు. 18వ శతాబ్దంలో మెస్మర్ అనే డాక్టరు తన దగ్గర అయస్కాంతం లాంటి శక్తి ఉందనీ, దాంతో జబ్బులు నయం చేస్తాననీ పారిస్‌లో హడావుడి చేశాడు. 1784లో ఫ్రాన్స్ రాజు విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజే లాంటి పేరున్న శాస్త్రవేత్తలు ఉన్నారు. శక్తీ లేదు, ఏమీ లేదు, రోగి ఊహే పనిచేస్తోందని తేల్చేశారు. మెస్మర్ పరువు పోయింది. నన్నడిగితే అసలు విశేషం ఆ తీర్పులోనే ఉంది. మంత్రగాడి చేతిలో ఏమీ లేదు, పనంతా రోగి మనసే చేస్తోందని 240 ఏళ్ల కిందటే రాశారు!

మన దేశంలోనూ దీనికో కథ ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే సర్జన్ రోగులను మెస్మర్ పద్ధతిలో హిప్నాసిస్ లాంటి స్థితిలోకి తీసుకెళ్లి పెద్దపెద్ద కణితులు కోసి తీశాడు. అప్పటికింకా మత్తుమందు లేదు. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫాం వచ్చాక అందరూ అటే వెళ్లారు. క్లోరోఫాం ప్రమాదమా కాదా అని తేల్చడానికి 1888, 1889లో నిజాం ప్రభుత్వమే హైదరాబాద్‌లో కమిషన్లు నడిపింది. అది ఇంకో వీడియోకి సరిపడా కథ.

[స్క్రీన్ మీద: "కడుపులో మాటలన్నీ కక్కించేస్తారా?"]

యాంకర్: చెప్పకూడదనుకున్నది హిప్నాసిస్‌లోనూ దాచుకోవచ్చు. అబద్ధం కూడా ఆడొచ్చు. ఇందులో అసలు ప్రమాదం వేరే. మరచిపోయినవి తవ్వితీస్తామని కొందరు మొదలుపెడతారు. ఆ స్థితిలో ఊహించుకున్నది కూడా నిజంగా జరిగినట్టే అనిపిస్తుంది. జ్ఞాపకం సరైందేమీ కాదు గానీ దాని మీద నమ్మకం మాత్రం పెరిగిపోతుంది. ఆ ఊహతో సొంత అన్నదమ్ముల మీద, బంధువుల మీద నింద వేస్తే ఇల్లు చీలిపోతుంది. ఇక పూర్వజన్మలు చూపిస్తామనే వాళ్లంటారా? సరదాకైతే మీ ఇష్టం. చికిత్స పేరుతో అయితే వద్దు.

[షాట్: కడుపు పట్టుకుని కూర్చున్న మనిషి, యానిమేషన్.]

యాంకర్: ఇంతకీ ఇది దేనికి పనిచేస్తుంది? బాగా ఆధారం ఉన్నది చాలామంది ఊహించని జబ్బుకి. దాని పేరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). పరీక్షలన్నీ నార్మల్, కడుపునొప్పి తగ్గదు, విరేచనాలో మలబద్ధకమో వదలదు, ఊరెళ్లాలంటే టెన్షన్. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం మందులకు లొంగని 30 మందిని తీసుకుని, కొందరికి పేగుల మీద ధ్యాస పెట్టించే హిప్నోథెరపీ ఇచ్చింది. వాళ్లకు మిగతావాళ్ల కన్నా చాలా బాగా తగ్గింది. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివాళ్లకు ఇలాంటి చికిత్సను ఆలోచించవచ్చని 2008 నుంచి బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. అయితే మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే ముందు కడుపు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

నొప్పి విషయంలోనూ కొంత ఉపయోగం ఉంది. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు "మాకు పనికొస్తుందా?" అని అడిగితే నిజం చెప్పాలి. బిగిసిన ఎముకను ఇది వంచలేదు, ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను తీయలేదు. నొప్పి మీదుండే ధ్యాసను కొంత మళ్లించి, భరించడాన్ని కాస్త తేలిక చేయవచ్చు. ఇంతకన్నా ఎక్కువ చెప్పేవాణ్ని నమ్మకండి. సూది భయం, పళ్ల డాక్టరు భయం, మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్లు: వీటికీ పనికొస్తుంది. సిగరెట్ మాన్పించడానికి మాత్రం ఆధారం బలంగా లేదు, బోర్డుల మీద అదే పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే.

[షాట్: మహబూబ్‌నగర్, పిల్లలమర్రి దగ్గర. యాంకర్ ఆగి మాట్లాడాలి. వెనక మ్యూజిక్ వద్దు.]

యాంకర్: ఇప్పుడు పాలమూరు అక్కలు అడిగే ప్రశ్న. "అన్నా, మా ఆయనకు తెలియకుండా హిప్నటైజ్ చేయించి కల్లు మాన్పించొచ్చా?"

తెలియకుండా కుదరదు. ఆయనకు ఇష్టం లేకపోతే హిప్నాసిస్ మొదలే కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. కొన్నిచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు. అందులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలుపుతారు. రోజూ అదే తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2015లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు ఇలాంటివాళ్లే బారులు కట్టారు. "దయ్యం పట్టింది" అని ఇంట్లోనే పెట్టుకుంటే పోయేది మనిషి. కుర్చీలో కూర్చోబెట్టి "ఇక నీకు కల్లు వద్దు" అని చెప్పే చికిత్స ఇక్కడ ప్రమాదం. ముందు ఆసుపత్రిలో డాక్టర్లు ఇచ్చే మందుల మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆపించాలి. మనిషి కుదుటపడి, తనకు తానుగా మానాలనుకున్నప్పుడు కౌన్సెలింగ్‌తో పాటు హిప్నోథెరపీ తోడు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు.

ఇంకా ఎవరికి వద్దంటే, చెవిలో మాటలు వినిపించేవాళ్లకు, ఎవరో తరుముతున్నారని నమ్మేవాళ్లకు. వాళ్లకు ముందు సైకియాట్రిస్టు కావాలి. ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. వాడుతున్న మాత్రలు ఆపేయమంటే ఆ గడప మళ్లీ తొక్కకండి.

[స్క్రీన్ మీద: "ఎవరి దగ్గరికి వెళ్లాలి?"]

యాంకర్: బోర్డు మీద "హిప్నోథెరపిస్ట్" అని ఉంటే అది చదువుకు గుర్తు కాదు. రెండు రోజుల కోర్సు చేసినవాళ్లూ ఆ మాట రాసుకుంటారు. దాని పక్కన ఇంకేం రాసుందో చూడండి. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబర్ అడగడానికి మొహమాటం వద్దు, చదువుకున్నవాళ్లు చూపిస్తారు. ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టమంటే కట్టకండి. రెండు మూడు సార్లకు ఏమైనా తేడా ఉందో చూసుకుని ముందుకెళ్లండి.

ఆడవాళ్లకు ఒక మాట. ఈ చికిత్సకు ఒంటి మీద చెయ్యి వేయాల్సిన పనే లేదు. తోడుగా ఒకరిని గదిలో కూర్చోబెట్టుకోవచ్చు. వద్దంటే కారణం అడగండి. మీకు చెప్పకుండా వీడియో, ఆడియో రికార్డు చేయకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీకి వెళ్లండి. అక్కడ హిప్నోథెరపీ చేయకపోయినా మీ సమస్యకు అసలు పేరేంటో తెలుస్తుంది. బయటికి వెళ్లే పరిస్థితి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, కాల్‌కు డబ్బులు పడవు.

[స్క్రీన్ మీద: టెలి మానస్ 14416]

యాంకర్: ఫోన్లో దొరికే హిప్నాసిస్ ఆడియోల గురించి చాలామంది అడిగారు. పడుకునే ముందు మనసు తేలికపడటానికి వినొచ్చు. బండి నడుపుతూ, ట్రాక్టర్ మీద, మోటారు దగ్గర మాత్రం పెట్టుకోకండి.