నాలా పూడిక టెండరు: 35 శాతం లెస్ వెనక లెక్క

[తెర మీద: నాలా గట్టున నల్లటి పూడిక కుప్ప. పక్కన ఖాళీ లారీ.]

నమస్తే. వానాకాలం దగ్గర పడిందంటే నాలాల పక్కన ఈ కుప్పలు లేస్తాయి. తీసిన బురద కాస్త ఆరాక లారీకెత్తాలి. ఈలోపు వాన పడిందా, మళ్లీ నాలాలోకే! కుర్చీలు, బల్బులు కొన్నట్టే ఈ పనిని కూడా కార్పొరేషన్ డబ్బిచ్చి కొంటుంది. కుర్చీలైతే 2016లో వచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల సైటు జెమ్ పోర్టల్‌లో దొరుకుతాయి. పూడికకి మాత్రం టెండరే.

ముందు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, టేపు పట్టుకుని నాలా దగ్గరికి వెళ్లాలి. 500 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరు మందం పూడిక అని రాశారనుకుందాం. 2,000 ఘనపు మీటర్లు. లెక్క సులువుగా ఉండడానికి ఘనపు మీటరుకి రేటు 500 రూపాయలు వేసుకుందాం. అంచనా 10 లక్షలు. ఆ మీటరు అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

[తెర మీద: పాత టెండరు పెట్టె, ఆ తర్వాత కంప్యూటరు.]

ఒకప్పుడు ఆఫీసులో పెట్టె ఉండేది. అవతలివాడు అందులో తన టెండరు కాగితం వేయకుండా గుమ్మం దగ్గరే నలుగురు కాపు కాసేవారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు, మొదలుపెట్టాక ఆ గుమ్మం గొడవ తగ్గింది. ముందే కూడబలుక్కుని రింగయ్యేవాళ్లు ఫోన్లోనూ రింగవగలరు, అది వేరే సంగతి.

అదే ఏడాది వచ్చిన జీవో 94 ప్రకారం బిడ్‌తో పాటు అంచనాలో 1 శాతం ఈఎండీ, అంటే ధరావతు, కట్టాలి, అంటే మన లెక్కలో 10 వేలు. అగ్రిమెంటప్పుడు ఇంకో ఒకటిన్నర శాతం. ముందు టెక్నికల్ బిడ్ తెరిచి అనుభవం, కాగితాలు చూస్తారు. అందులో నిలబడ్డవాళ్ల ప్రైస్ బిడ్లే తెరుస్తారు. అందరికంటే తక్కువ వేసినవాడు ఎల్-1.

మన ఎల్-1 ఏకంగా 35 శాతం లెస్‌కి, అంటే అంచనా కంటే అంత తక్కువకి, వేశాడు. ఆరున్నర లక్షలు! 25 శాతం కంటే లెస్ వేస్తే ఆ పై తేడాని అదనపు సెక్యూరిటీగా పెట్టమంటుంది జీవో. ఇక్కడ లక్ష. అదీ పెట్టాడు. కార్పొరేషన్‌కి మూడున్నర లక్షలు మిగిలాయని అంతా సంతోషం.

[తెర మీద: ఎం-బుక్ పేజీ. లోతు గడి మీద వేలు.]

ఇప్పుడు ఆ మీటరు దగ్గరికి వద్దాం. నిజంగా ఉన్న పూడిక 60 సెంటీమీటర్లే అయితే? లారీల్లో వెళ్లింది 1,200 ఘనపు మీటర్లు. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో మాత్రం 2,000 అనే రికార్డయింది. బిల్లు ఆరున్నర లక్షలు. 1,200తో భాగించి చూడండి: ఘనపు మీటరుకి దాదాపు 542 రూపాయలు. అంచనా రేటు 500 కదా! లెస్‌కి వేసినవాడు ఎక్సెస్‌కి చేసినట్టయింది. బిడ్లో తప్పు లేదు, పోర్టల్లో తప్పు లేదు, అంతా టేపు దగ్గరే జరిగింది.

2014లో హుద్‌హుద్ తుఫాను దెబ్బ తిన్నాక విశాఖలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ వీధుల్లో 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించింది. వాటిని లెక్కపెట్టాలంటే తలెత్తితే చాలు. వెలగకపోతే వీధి వీధంతా చెబుతుంది. తీసుకెళ్లిపోయిన బురదని ఎవరు లెక్కపెడతారు?

అందుకే పని మొదలయ్యే ముందు లోతు, అయ్యాక లోతు, రెండూ తేదీలతో రాసి ఉండాలి. లారీ ట్రిప్పుల చీటీలూ ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో కాగితం నకలు అడగడమే కాదు, జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మీ నాలా ఎం-బుక్ నకలు, పనికి ముందు లెవెల్స్ (లోతు కొలతలు), తర్వాత లెవెల్స్ అని రాసి అడగండి. కుదిరితే వానలు రాకముందే అడగండి. వరద పారాక నాలాలో లోతు కొలిచినా అది ఎవరి పూడికో తేలదు.